ఆటపెట్టె దాటిన కంట్రోలర్ల కథ



తెలుగు పండితునికి వీడియో ఆటల సామగ్రితో ఏం పని అని మీలో కొందరికైనా సందేహం కలగవచ్చు. ఛందస్సు, వ్యాకరణం, శతకాల గురించి వ్రాసుకొనే చోట ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్ పేర్లు కనబడితే ఆశ్చర్యపడటం సహజమే. కానీ ఈ విషయాన్ని కొన్నాళ్ళుగా చదువుతూ, తెలిసిన కుర్రవాళ్ళను అడుగుతూ వచ్చిన కొద్దీ నాకు ఒక సంగతి స్పష్టమయింది. ఒక ఆటపెట్టె కోసం తయారయిన కంట్రోలర్‌ను కంప్యూటర్‌కో, ఫోనుకో, టాబ్లెట్‌కో కలిపి వాడుకోవడం పైకి తీగలూ పిన్నుల వ్యవహారంగా కనిపిస్తుంది. లోపల మాత్రం అది భాషావ్యవహారం. ఒకరి మాట మరొకరికి అర్థం కావడం, అర్థం కాకుండా చేయడం, ఎవరో ఒకరు ఓపికగా కూర్చుని ఉభయులకూ నిఘంటువు వ్రాసి పెట్టడం, ఈ మూడింటి చరిత్రే ఇది. యూనికోడ్‌కు ముందు కంప్యూటర్లలో తెలుగు అక్షరాలు పడిన అవస్థలు ఎరిగిన మనకు ఇందులో చాలా సంగతులు పరిచితంగానే తోస్తాయి.

ముందుగా పేరు మాట. పిల్లలు దీనిని జాయ్‌స్టిక్ అంటారు, కొందరు రిమోట్ అనీ అంటారు. కత్తికి పిడి ఉన్నట్లు, నాగలికి మేడి ఉన్నట్లు ఆటకు ఇది పట్టు. 'ఆటపిడి' అనాలని నాకు మనసులో ఉన్నా, అందరికీ తెలిసిన కంట్రోలర్ అనే మాటనే ఈ వ్యాసంలో వాడుతున్నాను.

కథ 1977లో అమెరికాలో మొదలవుతుంది. ఆ ఏడు అటారి సంస్థ ఇళ్ళలోని టీవీకి కలిపి ఆడుకొనే వీసీఎస్ అనే ఆటపెట్టెను విడుదల చేసింది. తరువాతి రోజుల్లో అది అటారి 2600 అనే పేరుతో ప్రసిద్ధికెక్కింది. దాని జాయ్‌స్టిక్ కడు సరళమయినది. నాలుగు దిక్కులకు నాలుగు తీగలు, ఒక్క బటన్‌కు ఒక తీగ, అన్నిటికీ ఉమ్మడిగా మరొకటి. కర్రను పైకి నెడితే పై తీగ కలుస్తుంది, అంతే. ఈ తీగలు 9 పిన్నుల ప్లగ్గులో ముగిసేవి. ఇంత సులువయిన ఏర్పాటు కాబట్టి ఇతరులూ దానినే అనుసరించారు. 1982లో వచ్చిన కమొడోర్ 64 కంప్యూటర్, 1985లో వచ్చిన అమిగా కంప్యూటర్ కూడ అదే ప్లగ్గును స్వీకరించాయి. అటారి ఆటపెట్టె జాయ్‌స్టిక్‌ను పీకి కమొడోర్ కంప్యూటర్‌కు తగిలిస్తే చక్కగా పనిచేసేది. ఏ సంఘమూ కూర్చుని తీర్మానం చేయకుండానే, వాడుకలోనుంచి ఒక ఉమ్మడి భాష పుట్టిందన్నమాట. వాడుకభాష కాబట్టి దానికి కొన్ని చిక్కులూ ఉండేవి. కమొడోర్ 64లో మొదటి జాయ్‌స్టిక్ పోర్టుకూ కీబోర్డుకూ లోపల కొన్ని తీగలు ఉమ్మడి. అందుచేత ఆ పోర్టులో జాయ్‌స్టిక్‌ను కదిపితే తెర మీద అర్థం లేని అక్షరాలు పడేవి.

అదే కాలంలో ఐబీఎం వేరే దారి పట్టింది. 1981లో తన పర్సనల్ కంప్యూటర్‌తోపాటు జాయ్‌స్టిక్కుల కోసం విడిగా ఒక కార్డును అమ్మింది. దానికి 15 పిన్నుల ప్లగ్గు. అటారి జాయ్‌స్టిక్ 'పైకి' అని మాత్రమే చెప్పగలదు, 'ఎంత పైకి' అని చెప్పలేదు. ఐబీఎం జాయ్‌స్టిక్ ఆ కొలతనూ చెప్పగలదు. కర్ర కదిలినప్పుడు లోపలి విద్యున్నిరోధం మారుతుంది. ఆ నిరోధం గుండా ఒక చిన్న కెపాసిటర్ నిండటానికి ఎంత సమయం పట్టిందో కంప్యూటర్ లెక్కపెడుతుంది. మన పూర్వులు గడియకుడుక నిండి మునిగే తీరును చూసి కాలాన్ని కొలిచారు. ఇక్కడ నిండే కాలాన్ని చూసి స్థానాన్ని కొలిచారు. చమత్కారమయిన పద్ధతే గాని, కంప్యూటర్ వేగం మారితే ఈ లెక్కా మారిపోయేది. అందుకే ఆ రోజుల్లో ప్రతి ఆటకు ముందూ కర్రను ఈ మూలకూ ఆ మూలకూ తిప్పి కొలతలు సరిచూసుకోవలసి వచ్చేది.

ఇక జపానుకు వస్తే, నింటెండో సంస్థ 1983 జూలైలో ఫామికామ్ అనే ఆటపెట్టెను తెచ్చింది. అందులో రెండు కంట్రోలర్లనూ పెట్టెకే శాశ్వతంగా అతికించేశారు. ఊడదీసి మరొక చోట పెట్టుకొనే ఆలోచనకే తావు లేదు. 1985లో అమెరికాలో అదే యంత్రం ఎన్ఈఎస్ అనే పేరుతో వచ్చినప్పుడు కంట్రోలర్‌కు ప్లగ్గు ఏర్పడింది గాని, అది నింటెండో సొంతంగా రూపొందించుకొన్న 7 పిన్నుల ప్లగ్గు. ఎడమ బొటనవ్రేలి కింద ఉండే కూడిక గుర్తు వంటి దిక్కుల మీట ఈ కంట్రోలర్‌తోనే లోకమంతటా వ్యాపించింది. దానిని రూపొందించినవారు గున్పెయ్ యొకొయ్. 1982లో డాంకీ కాంగ్ అనే చేతిలో ఇమిడే ఆటలో అది మొదట కనిపించింది.

ఈ నింటెండో కంట్రోలర్ మాట్లాడే తీరు బడిపంతులయిన నాకు ముచ్చటగా తోచింది. అది అచ్చంగా తరగతిలో హాజరు పిలవడమే. పెట్టె ముందుగా ఒక సంకేతం పంపుతుంది. ఆ క్షణంలో ఎనిమిది బటన్లలో ఏవి నొక్కి ఉన్నాయో కంట్రోలర్ లోపలి చిన్న చిప్పు గుర్తు పెట్టుకొంటుంది. తరువాత పెట్టె ఒక్కొక్క సంకేతం పంపిన కొద్దీ చిప్పు వరుసగా జవాబు చెబుతుంది: ముందు ఏ, తరువాత బీ, సెలెక్ట్, స్టార్ట్, ఆపైన పై, కింద, ఎడమ, కుడి. పేర్లు పలకవలసిన అవసరం లేదు, వరుసే పేరు. మూడవ పిలుపుకు 'ఉన్నాను' అన్నది సెలెక్ట్ బటనే అయి ఉండాలి. ఈ వరుస తెలిసినవాడికి కంట్రోలర్ మాట బోధపడుతుంది. తెలియనివాడికి అది ఉత్త టకటక.

ఆ వరుసను కనిపెట్టినవారు ఊరుకోలేదు. 1990ల ఉత్తరార్ధంలో పాత ఆటపెట్టెలను కంప్యూటర్‌లో అనుకరించే ఎమ్యులేటర్ అనే సాఫ్టువేర్లు బయలుదేరాయి. 1997లో వచ్చిన నెస్టికల్ వాటిలో ప్రసిద్ధమయినది. నింటెండో ఆట కంప్యూటర్ తెర మీదికి వచ్చింది సరే, చేతిలో మాత్రం కీబోర్డు! అలవాటు పడిన బొటనవ్రేళ్ళకు తృప్తి కలగలేదు. అప్పుడు ఔత్సాహికుల దృష్టి కంప్యూటర్ వెనుక ఉన్న 25 పిన్నుల ప్రింటరు పోర్టు మీద పడింది. బయటికి సంకేతాలు పంపే తీగలూ, లోపలికి తెచ్చే తీగలూ అందులో ఉన్నాయి. కంట్రోలర్‌కు కావలసిన స్వల్ప విద్యుత్తును కూడ ఆ తీగల నుంచే లాగవచ్చు. టంకం పెట్టి తీగలు అతికి, ప్రింటరు ఉండవలసిన చోట నింటెండో కంట్రోలర్‌ను కూర్చోబెట్టారు. విండోస్‌కు డైరెక్ట్‌ప్యాడ్ ప్రో అనే డ్రైవరు వెలువడింది. లినక్స్‌లో వొయ్‌తేఖ్ పావ్లిక్ అనే చెక్ దేశీయుడు గేమ్‌కాన్ అనే డ్రైవరును వ్రాశారు. నింటెండో, ప్లేస్టేషన్ కంట్రోలర్లు ప్రింటరు పోర్టు ద్వారా పనిచేసే ఏర్పాటు అందులో ఉంది. ఏ ఆటల సంస్థా అడగని పని. పోర్టు దొరికింది, భాష తెలిసింది, దుబాసి తయారయ్యాడు.

మన ఊళ్ళలోని పిల్లలకు ఆ కాలంలో దొరికినవి ఎక్కువగా ఫామికామ్‌కు నకళ్ళు. టీవీ గేమ్ పేరుతో బజారులో అమ్మిన ఆ పెట్టెలను 1990లలో పిల్లలున్నవారెవరూ మరచి ఉండరు. వాటి కంట్రోలర్లలో అనేకం అటారి వంటి 9 పిన్నుల ప్లగ్గుతోనే వచ్చాయి. ఆకారం అటారిది, లోపలి మాట నింటెండోది. ఒకే లిపిలో రెండు భాషలు వ్రాసినట్లన్నమాట. ప్లగ్గు పట్టినంత మాత్రాన పనిచేయదని ఆ పిల్లలు ఎవరూ చెప్పకుండానే నేర్చుకొన్నారు.

1996 జనవరిలో యూఎస్‌బీ ప్రమాణం మొదటి రూపం వెలువడింది. మన కథలో ఇది గొప్ప మలుపు. కీబోర్డులు, మౌసులు, జాయ్‌స్టిక్కుల వంటి మనుషుల చేతి పరికరాలన్నిటికీ కలిపి అందులో హెచ్ఐడీ అనే ఒక వర్గాన్ని ఏర్పరచారు. ఆ వర్గంలోని విశేషం ఏమిటంటే, పరికరం తనను తాను పరిచయం చేసుకొంటుంది. తీగ తగిలించగానే 'నేను ఆట కంట్రోలర్‌ను, నాకు ఇన్ని బటన్లు, ఇన్ని కదలికలు, ఒక్కొక్క కదలిక కొలత ఇంత నుంచి ఇంత' అని ఒక పట్టికను కంప్యూటర్‌కు అప్పగిస్తుంది. పెద్దల ముందు ప్రవర చెప్పుకొన్నట్లు! ప్రతి కంట్రోలర్‌కూ విడిగా డ్రైవరు వ్రాయవలసిన బెడద ఇంతటితో తీరినట్లే కనబడింది.

పూర్తిగా తీరలేదు. ఆ ప్రవరలో ఒక లోపం ఉంది. 'నాకు పన్నెండు బటన్లున్నాయి' అని కంట్రోలర్ చెబుతుంది గాని, ఒకటవ బటన్ ఏ వ్రేలి కింద ఉందో చెప్పదు. ఒక సంస్థకు ఒకటవ బటన్ కింద ఉంటే, మరొక సంస్థకు అది పైన ఉంటుంది. ఆటను వ్రాసినవాడు 'ఒకటి నొక్కితే ఎగరాలి' అని వ్రాస్తే, ఒకరి ఇంట్లో బొమ్మ ఎగురుతుంది, మరొకరి ఇంట్లో ఆట ఆగిపోతుంది. వర్ణమాల అందరికీ ఒకటే అయింది, పదాలకు అర్థాలు మాత్రం ఎవరివి వారివే.

ఈ సందులోకి మైక్రోసాఫ్ట్ ప్రవేశించింది. 2001లో వచ్చిన మొదటి ఎక్స్‌బాక్స్ కంట్రోలర్ తీగల్లో ప్రవహించింది యూఎస్‌బీయే గాని, ప్లగ్గు ఆకారాన్ని మార్చారు. తీగ కోసి మామూలు యూఎస్‌బీ ప్లగ్గు అతికినవారికి ఆ రహస్యం తెలిసింది. 2005 నవంబరులో వచ్చిన ఎక్స్‌బాక్స్ 360కి ఆ దాపరికం లేదు. దాని తీగ కంట్రోలర్‌కు మామూలు యూఎస్‌బీ ప్లగ్గే ఉన్నది, విండోస్ కంప్యూటర్‌కు తగిలించి వాడుకోవచ్చు. దాని కోసం ఎక్స్‌ఇన్‌పుట్ అనే పద్ధతిని మైక్రోసాఫ్ట్ ఏర్పరచింది. ఇందులో ప్రతి బటన్‌కూ స్థిరమయిన స్థానం, స్థిరమయిన పేరు ఉన్నాయి. ఆటలు వ్రాసేవారికి ప్రాణం లేచి వచ్చింది. కొద్ది ఏళ్ళలోనే కంప్యూటర్ ఆటలన్నీ ఎదురుగా ఉన్నది ఎక్స్‌బాక్స్ కంట్రోలరే అనుకొని మాట్లాడసాగాయి.

దీనివల్ల కలిగిన మేలు మేలే. కానీ అందరూ ఒకే భాష మాట్లాడటం వేరు, అందరూ ఒకరి భాషే మాట్లాడవలసి రావడం వేరు. 2006లో ప్లేస్టేషన్ 3తో వచ్చిన సోనీ కంట్రోలర్‌కు యూఎస్‌బీ తీగా ఉన్నది, బ్లూటూత్ కూడ ఉన్నది. అయినా విండోస్ కంప్యూటర్ దగ్గర అది పరాయిదే. దానికి మరొక కట్టుబాటు కూడ ఉండేది. తనకు యజమాని ఎవరన్నది అది బ్లూటూత్ చిరునామాగా గుర్తుంచుకొంటుంది. యజమానిని మార్చాలంటే ముందు యూఎస్‌బీ తీగ ద్వారా ఆ చిరునామాను తిరగవ్రాయాలి. ఔత్సాహికులు దానికీ ఉపాయం కనిపెట్టారు. 2013లో ప్లేస్టేషన్ 4 కంట్రోలర్ వచ్చిన తరువాత డీఎస్4విండోస్ అనే సాఫ్టువేరు బాగా వ్యాపించింది. అది చేసే పని ఏమిటో తెలుసునా? సోనీ కంట్రోలర్ చేత ఎక్స్‌బాక్స్ వేషం వేయించడం! మన పగటివేషగాళ్ళు ఇంటింటికీ ఒక వేషంతో వెళ్ళినట్లు, అది ఆటల ముందు ఎక్స్‌బాక్స్ కంట్రోలర్‌గా నిలబడేది.

ఈ మధ్యకాలంలోనే ఉపాధ్యాయులకు ప్రత్యేకంగా నచ్చే ఒక ఘట్టం జరిగింది. 2006 నవంబరులో నింటెండో విడుదల చేసిన వీ అనే ఆటపెట్టె కంట్రోలర్, టీవీ రిమోట్ ఆకారంలో ఉంటుంది. దాని ముక్కున పరారుణ కాంతిని చూడగల చిన్న కెమెరా ఉన్నది. అది ఒకేసారి నాలుగు కాంతిబిందువుల జాడ పట్టగలదు. మాట్లాడేది బ్లూటూత్‌లో. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థిగా ఉన్న జానీ చుంగ్ లీ 2007లో దీనిని కంప్యూటర్‌కు కలిపి, ఒక పరారుణ దీపం అమర్చిన కలంతో గోడ మీద వ్రాస్తే కంప్యూటర్ గ్రహించేట్లు చేశారు. వేల డాలర్లు పోసి కొనవలసిన ఎలక్ట్రానిక్ బోర్డు పని, 40 డాలర్ల ఆటవస్తువుతో చాలామటుకు నెరవేరింది. సాఫ్టువేరును ఆయన అందరికీ ఉచితంగా ఇచ్చారు. 2008లో టెడ్ వేదిక మీద దానిని ప్రదర్శించి చూపారు కూడ. సుద్దముక్కలతో ముప్పయి ఏళ్ళు గడిపిన నాకు, ఆటపెట్టె నుంచి బయటపడిన కంట్రోలర్ నేరుగా తరగతిగదికే రావడం చూస్తే సంతోషం కలిగింది.

సముద్రగర్భానికి కూడ అది వెళ్ళింది. 2018 మార్చిలో అమెరికా నౌకాదళంలో చేరిన యూఎస్ఎస్ కొలరాడో జలాంతర్గామిలో, పెరిస్కోపుకు బదులుగా ఉండే కెమెరా స్తంభాలను ఎక్స్‌బాక్స్ 360 కంట్రోలర్‌తో తిప్పుతారు. అంతకు ముందు ఆ పనికి వాడిన పరికరం ఖరీదు సుమారు 38,000 డాలర్లు. ఈ కంట్రోలర్ 30 డాలర్ల లోపే. ఖర్చు కన్నా ముఖ్యమయిన లాభం మరొకటి ఉంది. కొత్తగా చేరిన యువనావికుని చేతికి అది ముందే పరిచితం, నేర్పవలసిన పని చాలా తక్కువ.

ఫోనుల కథ మరికొంత ఆలస్యంగా మొదలయింది. అద్దపు తెర మీద బొటనవ్రేళ్ళు పెట్టి ఆడేటప్పుడు ఆ వ్రేళ్ళే తెరను కప్పేస్తాయి. బటన్ ఎక్కడున్నదో తడిమి తెలుసుకొనే వీలు లేదు. 2011లో ఆండ్రాయిడ్ 3.1తో టాబ్లెట్లకు యూఎస్‌బీ కంట్రోలర్లను గుర్తించే శక్తి వచ్చింది. ఐఫోను విషయంలో యాపిల్ 2013లో ఐఓఎస్ 7తో ద్వారం తెరిచింది గాని, ద్వారం దగ్గర కాపలా పెట్టింది. తన ఎంఎఫ్ఐ ఆమోదముద్ర ఉన్న కంట్రోలర్లకే ప్రవేశం. మొదట వచ్చినవాటి వెల దాదాపు 100 డాలర్లు. ఇంట్లో మంచి ప్లేస్టేషన్ కంట్రోలర్ పడి ఉన్నా, ఐఫోను కోసం మరొకటి కొనవలసిందే. ఆరేళ్ళ తరువాత, 2019 సెప్టెంబరులో ఐఓఎస్ 13 వచ్చినప్పుడు ప్లేస్టేషన్ 4, ఎక్స్‌బాక్స్ బ్లూటూత్ కంట్రోలర్లను యాపిల్ అనుమతించింది. 2021లో ప్లేస్టేషన్ 5 కంట్రోలర్‌ను, 2022లో ఐఓఎస్ 16తో నింటెండో స్విచ్ కంట్రోలర్లను చేర్చింది. కంట్రోలర్లలోని యంత్రాంగానికి కొత్తగా వచ్చి చేరినది ఏమీ లేదు. మారినది ఫోను తయారు చేసినవారి నిర్ణయం మాత్రమే.

ఆటల సంస్థల వైపు కూడ మార్పు వచ్చింది. ఎక్స్‌బాక్స్ కంట్రోలర్‌లో 2016 ఆగస్టు నుంచి బ్లూటూత్ చేరింది. అంతకు ముందు దాని నిస్తంత్రీ భాష మైక్రోసాఫ్ట్ సొంతానిది. సోనీ 2020 డిసెంబరులో ప్లేస్టేషన్ 5 కంట్రోలర్‌కు తానే లినక్స్ డ్రైవరు వ్రాసి సమర్పించింది. మరుసటి ఏడు అది లినక్స్ 5.12లో చేరింది. నింటెండో కంట్రోలర్లకు ఔత్సాహికులు వ్రాసిన డ్రైవరు 2022 జనవరిలో వచ్చిన లినక్స్ 5.16లో స్థానం పొందింది. ఒకప్పుడు టంకం కొయ్యతో జరిగిన పని ఇప్పుడు రెండు బటన్లు నొక్కి పట్టుకొంటే అవుతున్నది. ప్లేస్టేషన్ 4 కంట్రోలర్‌లో షేర్ బటన్‌నూ పీఎస్ బటన్‌నూ కలిపి కాసేపు నొక్కి ఉంచితే దీపం మిణుకుమిణుకుమంటుంది. కొత్త యజమాని కోసం చూస్తున్నానని దాని భావం. అప్పుడు ఫోనులోని బ్లూటూత్ జాబితాలో దాని పేరును ఎంచుకొంటే చాలు.

ఇప్పుడు అర్థాల తగాదా దగ్గరికి మళ్ళీ వద్దాం. నింటెండో కంట్రోలర్ మీద ఏ అక్షరం కుడివైపున, బీ అక్షరం కిందివైపున ఉంటాయి. ఎక్స్‌బాక్స్ మీద ఏ కింద, బీ కుడివైపున. సోనీ అక్షరాలు వదిలి గుండ్రం, ఇంటూ గుర్తు, త్రికోణం, చదరం పెట్టుకొంది. జపానులో గుండ్రం 'సరే', ఇంటూ గుర్తు 'వద్దు'. పాశ్చాత్య దేశాల్లో అదే ఇంటూ గుర్తుకు 'సరే' అని అర్థం! 2020లో ప్లేస్టేషన్ 5 వచ్చినప్పుడు జపానులో కూడ ఇంటూ గుర్తునే 'సరే'గా మార్చారు. ఇన్ని సంప్రదాయాల మధ్య సాఫ్టువేరు వ్రాసేవాడు ఏ పేరుతో పిలవాలి? దీనికి దొరికిన సమాధానం నాకు మహా ఇష్టమయినది. అక్షరాలను వదిలి దిక్కులను పట్టుకొన్నారు. కింది బటన్ దక్షిణం, కుడిది తూర్పు, ఎడమది పడమర, పైది ఉత్తరం. లినక్స్‌లో ఈ దిక్కుల పేర్లున్నాయి. ఆటలు వ్రాసేవారు విరివిగా వాడే ఎస్‌డీఎల్ అనే ఉచిత సాఫ్టువేరు కూడ 2025 జనవరిలో స్థిరపడిన తన మూడవ రూపంలో ఈ దిక్కులనే స్వీకరించింది. సంస్థ ఏదయినా తూర్పు తూర్పే కదా!

ఆ ఎస్‌డీఎల్ చుట్టూ ఔత్సాహికులు పోగుచేసిన ఒక నిఘంటువు ఉంది. అది సాదా వచనపు ఫైలు. ఒక్కొక్క వరుసలో ఒక్కొక్క కంట్రోలర్: ముందు దాని గుర్తింపు సంఖ్య, తరువాత పేరు, ఆపైన ఏ సంఖ్యగల బటన్ ఎక్కడ ఉన్నదనే వివరం. తన ఇంట్లోని అనామక కంట్రోలర్ పనిచేయక విసిగినవాడు దాని వరుసను తయారుచేసి అందులో చేరుస్తాడు. ఆ తరువాత అదే కంట్రోలర్ ఉన్న మరొకరికి ఆ విసుగు ఉండదు.

మిత్రులకు ఈపాటికి పోలిక స్ఫురించే ఉంటుంది. ఒకప్పుడు ఒక్కొక్క తెలుగు పత్రికకు ఒక్కొక్క ఫాంటు. ఒకరి 'అ' కూర్చున్న సంఖ్యలో మరొకరి 'కొమ్ము' కూర్చొనేది. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెలుగు పుట విప్పితే పిచ్చిగీతలే. తెలుగుకు యూనికోడ్‌లో 1991లోనే చోటు దొరికినా, ఆ చోటు వాడుకలోకి రావడానికి విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఫాంటు, ఆపైన లేఖిని వంటి ఉపకరణాలు కావలసి వచ్చాయి. పాత ఫాంటుల పుటలను యూనికోడ్‌లోకి మార్చి చూపిన పద్మ పొడిగింపు, అక్షరాల లోకంలో అచ్చం డీఎస్4విండోస్ వంటిదే. ప్రమాణం కాగితం మీద ఉండగానే సరిపోదు. నిఘంటువు వ్రాసే చేతులు కావాలి. మనలో అనేకులకు ఆ చేతులతో ప్రత్యక్ష పరిచయం ఉంది.

ఇదంతా ఆటలకు సంబంధించిన ముచ్చటే కదా, దీనిలో పోయేదేమిటి అని అడగవచ్చు. రెండు ఉదాహరణలు చెబుతాను.

గూగుల్ 2019 నవంబరులో స్టేడియా అనే ఆటల సేవను ప్రారంభించి, 2023 జనవరిలో మూసివేసింది. దాని కంట్రోలర్ వైఫై ద్వారా నేరుగా గూగుల్ సర్వర్లతో మాట్లాడేది. సేవ మూతపడితే ఆ మాట వినేవారు లేరు. కొత్తగా ఉన్న వస్తువు, విరగలేదు, చెడలేదు, అయినా తీగ లేకుండా వాడబోతే మూగబోవలసిన స్థితి. అప్పుడు గూగుల్ దానిని మామూలు బ్లూటూత్ కంట్రోలర్‌గా మార్చుకొనే సదుపాయం కల్పించింది, ఆ గడువును తరువాత పొడిగించింది కూడ. మంచి పనే. అయితే ఆ మంచి పని చేయకపోయినా కొన్నవారు ఏమీ చేయగలిగేవారు కారన్నది గమనించాలి.

రెండవది ఇంకా గంభీరమయినది. 2018 సెప్టెంబరులో మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ కంట్రోలర్‌ను అమ్మకానికి తెచ్చింది. అంగవైకల్యం ఉన్నవారి సంస్థలతో కలిసి రూపొందించినది అది. పైన రెండు పెద్ద బటన్లు, వెనుక ఇయర్‌ఫోను తీగ పట్టేంత పరిమాణంలో 19 రంధ్రాలు. పాదంతో తొక్కే మీట, మోచేతితో నొక్కే బటన్, ఎవరి శరీరానికి వీలయినది వారు ఆ రంధ్రాలకు తగిలించుకోవచ్చు. అది ఆటపెట్టెతోనే గాక విండోస్ కంప్యూటర్‌తోనూ పనిచేస్తుంది. 2023 డిసెంబరులో సోనీ కూడ యాక్సెస్ అనే పేరుతో తన కంట్రోలర్‌ను తెచ్చింది.

మా బడి రోజుల్లో చేతివ్రేళ్ళు వశం కాని పిల్లలకు పరీక్షలలో వ్రాయసగాణ్ణి ఇచ్చేవారు. పిల్లవాడు చెబుతాడు, మరొకరు వ్రాస్తారు. ఏర్పాటు మంచిదే. కానీ చెప్పినది అలాగే వ్రాశారా, పొల్లు పోయిందా, ఒత్తు తప్పిందా అని ఆ పిల్లలు పక్కకు తొంగిచూసే చూపు నేను ఎన్నోసార్లు చూశాను. తన మాటను తానే పలకగల పరికరం దొరకడమంటే ఏమిటో ఆ చూపు ఎరిగినవారికి తెలుస్తుంది. ఆటల కోసం పుట్టిన కంట్రోలర్ కంప్యూటర్ మాట కూడ మాట్లాడగలిగితే, అది ఆ పిల్లల చేయి అవుతుంది.

2023 నవంబరు నుంచి ఎక్స్‌బాక్స్ ఆటపెట్టెలు తమ సంస్థ అనుమతి లేని ఉపకరణాలను నిరాకరించడం మొదలుపెట్టాయి. ఆటల్లో మోసాలను అరికట్టడం వంటి కారణాలు ఉండవచ్చు. కానీ చౌకగా దొరికే అడాప్టర్లతో, సొంతంగా అమర్చుకొన్న మీటలతో ఆడుకొంటున్న వికలాంగులకు అది ఆందోళన కలిగించింది. అడాప్టివ్ కంట్రోలర్ ఇచ్చిన సంస్థే ఈ కట్టడీ పెట్టింది. ఇచ్చినది దయ అయినప్పుడు దానిని ఎప్పుడయినా తగ్గించవచ్చు. అందరూ చదవగల ప్రమాణం, అందరూ దిద్దగల నిఘంటువు ఉన్న చోట ఒకరి మనసు మారినంత మాత్రాన పనిచేసే చేయి ఆగిపోదు. ప్రింటరు పోర్టుకు తీగలు అతికిన ఆ అజ్ఞాత కుర్రవాళ్ళను నేను ఈ వరుసలోనే గౌరవిస్తాను.

కాబట్టి నా విన్నపం ఒక్కటే. మీ ఇళ్ళలో అటక మీదో, పాత పెట్టెలోనో మూలపడిన కంట్రోలర్ ఉంటే, ఆటపెట్టె పాడయిందని దానిని పారవేయకండి. యూఎస్‌బీ ప్లగ్గో, బ్లూటూతో ఉంటే ఒకసారి కంప్యూటర్‌కు కలిపి చూడండి. చాలావరకు దాని మాటకు నిఘంటువు ఎవరో ఒకరు ఇప్పటికే వ్రాసి ఉంటారు. వ్రాయకపోతే మీ పిల్లల చేతనో మనవల చేతనో ఆ ఒక్క వరుస వ్రాయించండి.

'ఆటపిడి' అనే మాట మీకు రుచిస్తుందో లేదో, ఇంతకన్నా మంచి మాట ఏదయినా తోస్తుందేమో తెలియజేయగలరు.